ఎండలో గొడుగు

మంగళవారం సాయంత్రాలు
లైబ్రరీ మూడో అంతస్తులో
కంప్యూటర్ రానివాళ్ళకి సాయం చెయ్యడం నా పని.
బెర్గెన్‌లో ఆ వేళకి గొడుగులన్నీ
మనుషులకంటే ముందే వచ్చినట్టు
గుమ్మం దగ్గర నీళ్ళోడుతూ నిలబడి ఉంటాయి.

సోల్‌ఫ్రిడ్ వచ్చింది.
ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు నడిపిన మనిషి,
మౌసుని కూడా రెండు చేతులా పట్టుకుంటుంది.
"ఫొటోలు బాగుచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి చెప్పు.
నాకేమీ రాదు. మంచిది చెప్పు."

మంచిది!
ఆ మాట అడగని వాళ్ళు లేరు నన్ను.
చెప్పులు కొనేవాడు ముందు కాలు చాపుతాడు.
వీళ్ళు చెప్పుల రంగు అడుగుతారు.

ఒకటి ఉచితం.
తెరవగానే నూటపదహారు గుర్తులు
పళ్ళ డాక్టరు ట్రేలోలాగా తళతళా పరుచుకుంటాయి.
ఇంకొకటి నెలనెలా అద్దె.
కట్టడం మానిన నెల
బొమ్మలు మీవే, తాళంచెవి వాడిది.
మూడోది ఒకేసారి కొనుక్కోవచ్చు గానీ
ఆవిడ పాత లాప్‌టాప్ దాన్ని మొయ్యలేక
కొండెక్కే బస్సులా రొప్పింది.
"రెండో గేరు, తల్లీ, రెండో గేరు" అంటూ
దాని వీపు నిమిరింది.

పక్క కుర్చీలో ఐవిన్
అన్నిటికన్నా ఖరీదైనది కొన్నాడు, మార్చిలో.
ఇది నవంబరు.
పొరల మీద పంతొమ్మిదో పాఠం వింటున్నాడు.
ఫొటో ఇంకా తియ్యలేదు.

ఆవిడ పెన్‌డ్రైవ్‌లో రెండు వేల పైచిలుకు ఉన్నాయి.
చివరి స్టాపు. ఏడు నిమిషాల విరామం.
ముందు అద్దంలోంచి
అదే రేవు, అవే చేపల గోదాములు, అదే కొండ.
అన్నిట్లోనూ వాన.

మొదటి దాన్లో ఆటో బటన్ నొక్కాను.
ఆకాశం ఒక్కసారిగా నీలమైంది.
గోదాముల కప్పుల మీద ఎండ కాసింది.
స్టాపులో పెద్దాయనెవరో
ఆ ఎండలో గొడుగు పట్టుకుని
వెర్రివాడిలా మిగిలిపోయాడు.
రెండోది పొగమంచు తుడిచేసింది,
కొండ మీద పడేంత దగ్గరికొచ్చింది.
మూడోది వినయంగా అడిగింది
ఏ ఆకాశం పెట్టమంటారని:
సూర్యాస్తమయాలు పన్నెండు, ఇంద్రధనుస్సు ఒకటి,
డబ్బిస్తే రెండు.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.
"మా ఊరికి జబ్బు చేసిందనుకుంటున్నారా వీళ్ళు?"

అప్పుడు చూపించింది ఒక్కొక్కటే, వేలు పెట్టి.
ఇది తుంపర.
ఇది మూడు రోజులు పట్టిన ముసురు.
ఇది గాలివాన, దీని తర్వాతి ట్రిప్పు రద్దు చేశారు.
ఇది వాన వెలిసిన గంట.
"వెలిసింది వానమ్మా, రంగు కాదు.
ఆ తేడా తెలిసినది ఉందా నీ దగ్గర?"

లేదు.
ఉన్నా నాకు తెలీదు.

"మరి ఏం బాగుచెయ్యాలి?" అన్నాను.
అడగాల్సిన మాట, ఇంతసేపటికి.

"వంకర" అంది.
"ఆ స్టాపులో రోడ్డు ఎడమకి వాలుతుంది.
బస్సు వాలింది, దాంతో నేనూ.
చూడు, సముద్రం ఒలికిపోతోంది.
దాన్ని నిలబెట్టాలి. అంతే."

అంతే అయితే
అది ఆవిడ లాప్‌టాప్‌లోనే ఉంది,
కొన్న రోజునుంచీ, నాలుగు బటన్లతో,
ఎవరూ పిలవని చుట్టంలా ఒక మూల.

మొదటి సముద్రం నిలబడ్డానికి పావుగంట పట్టింది.
సముద్రం నిలబడగానే వైపరు వాలింది.
తల వంచి అటూ ఇటూ చూసి
"వైపరు ఎలాగూ వాలేదే" అంది.
ఐవిన్ చెవుల్లోవి తీసేసి
ఎప్పుడొచ్చాడో మా వెనక నిలబడ్డాడు.

పాత దాని మీదే దాచమంటారా
అని తెర అడిగింది.
ఆవిడ నా వైపు చూసింది.

వద్దనండి అన్నాను.
వేరే పేరుతో, పక్కన.
ఈ ఒక్కటీ నాకు నిజంగా తెలుసు.